రెండో అన్న ఎక్కడ? జేన్ ఆస్టిన్ అన్నదమ్ముల్ని రికార్డుల్లో వెతుకుదాం

ఈ రోజు ఒక నోటుతో మొదలుపెడదాం. మన పది రూపాయల నోటు కాదు, ఇంగ్లాండ్ పది పౌండ్ల నోటు. 2017 సెప్టెంబర్‌లో వచ్చింది. దాని మీద ఒక రచయిత్రి బొమ్మ ఉంటుంది. పేరు జేన్ ఆస్టిన్. ఆవిడ నవలలు మీరు చదివి ఉండకపోవచ్చు, కానీ ‘ప్రియురాలు పిలిచింది’ సినిమా టీవీలో అయినా చూసే ఉంటారు కదా. ఆ కథకి మూలం ఆవిడ నవలే, ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’.

ఆ నోటు మీద ఆవిడ బొమ్మ వెనకాల ఒక పెద్ద బంగ్లా కనిపిస్తుంది. గాడ్మర్షమ్ పార్క్. చూసినవాళ్ళు ఆవిడ ఇల్లే అనుకుంటారు. కాదు. ఆవిడకి జీవితంలో సొంత ఇల్లంటూ ఏదీ లేదు. ఆ బంగ్లా వాళ్ళ అన్నయ్య ఎడ్వర్డ్‌ది.

జేన్ ఆస్టిన్ గురించి మొదటి పూర్తి జీవిత చరిత్ర రాసింది ఆవిడ మేనల్లుడు, జేమ్స్ ఎడ్వర్డ్ ఆస్టిన్-లీ. 1869 చివర్లో వచ్చింది. అందులో ఆయన తన మేనత్త అన్నదమ్ముల్ని వరసగా పరిచయం చేస్తాడు. పెద్దన్న జేమ్స్, అంటే ఈయన సొంత నాన్న. రెండో అన్న ఎడ్వర్డ్. తర్వాత హెన్రీ, ఫ్రాన్సిస్, చార్లెస్. మొత్తం ఐదుగురు.

ఇప్పుడు వాళ్ళ పుట్టిన తేదీలు చూద్దాం. జేమ్స్ 1765. జార్జ్ 1766. ఎడ్వర్డ్ 1767. హెన్రీ 1771. కసాండ్రా అనే అక్క 1773. ఫ్రాన్సిస్ 1774. జేన్ 1775. చార్లెస్ 1779. మొత్తం ఎనిమిది మంది పిల్లలు. అందులో మగపిల్లలు ఎంతమంది? లెక్కపెట్టండి. ఆరుగురు.

నేను ఈ వీడియోలు మొదలుపెట్టక ముందు ఐటీలో సపోర్ట్ పని చేసేవాణ్ణి. రెండు టేబుల్స్‌లో కౌంట్ కలవకపోతే అర్ధరాత్రి అయినా ఫోన్ వచ్చేది. ఇక్కడ కూడా అంతే. ఒక టేబుల్‌లో ఆరు, ఇంకో టేబుల్‌లో ఐదు. రెండో రో మాయం. ఎడ్వర్డ్ మూడోవాడైతే, ఆయన్ని రెండోవాడు అని రాశారు. మరి అసలు రెండోవాడు ఏమయ్యాడు?

ఈ రోజు ఆ ఆరుగురినీ రికార్డుల్లో వెతుకుదాం. ఈ టాపిక్ నేనెందుకు తీసుకున్నానో చివర్లో చెప్తాను. మా ఇంట్లో విషయం ఒకటి ఉంది.

ముందు చిన్న బ్యాక్‌గ్రౌండ్. మన తాతల తరంలో చాలామందికి అసలు పుట్టినరోజు తెలీదు. స్కూల్లో చేర్చుకునేటప్పుడు మాస్టారు వేసిన తేదీయే అఫీషియల్. మరి రెండున్నర శతాబ్దాల కిందటి ఇంగ్లాండ్ పిల్లల వివరాలు ఇప్పటికీ ఎలా దొరుకుతున్నాయి?

ఎలాగంటే, 1538లో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో ఒక ఆర్డర్ వచ్చింది. ప్రతి ఊరి చర్చిలోనూ ఒక రిజిస్టర్ పెట్టాలి, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు అందులో రాయాలి అని. దాన్ని ప్యారిష్ రిజిస్టర్ అంటారు. ఆస్టిన్ పిల్లల నాన్న, జార్జ్ ఆస్టిన్, స్వయంగా చర్చి ఫాదరే. హాంప్‌షైర్ కౌంటీలో స్టీవెంటన్ అనే చిన్న ఊరు. అంటే ఆ రిజిస్టర్ ఉండేది ఆయన చేతిలోనే.

ఇందులో ఒక సరదా సంగతి. 1753 చట్టం తర్వాత పెళ్ళిళ్ళ రిజిస్టర్లకి అచ్చు వేసిన ఫారాలు వచ్చాయి. ఎలా నింపాలో చూపించడానికి ముందు ఒక శాంపిల్ పేజీ ఉండేది. టీనేజ్‌లో ఉన్న జేన్ ఆ శాంపిల్ పేజీలో తనకే పెళ్ళి అయిపోయినట్టు రాసేసింది. ఒకరితో కాదు, వేర్వేరు ఊహా పెళ్ళికొడుకులతో! ఆ పుస్తకం ఇప్పటికీ హాంప్‌షైర్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది. కాబట్టి మొదటి పాఠం ఏంటంటే, రికార్డులో ఉన్నదల్లా నిజం కాదు. రెండో పాఠం దగ్గరికి మెల్లగా వస్తాను.

పెద్దన్న జేమ్స్‌ది సులువు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. అక్కడ ‘ది లాయిటరర్’ అని ఒక వారపత్రిక నడిపాడు. తర్వాత నాన్న చర్చి ఉద్యోగమే ఈయనకి వచ్చింది. 1819లో చనిపోయాడు. యూనివర్సిటీ రికార్డు, చర్చి రికార్డు, పత్రిక సంచికలు. ఈయన్ని వెతకాల్సిన పనే లేదు, నేరుగా దొరికేస్తాడు.

ఎడ్వర్డ్‌ది మన సినిమాల్లో లాంటి కథ. ఆస్టిన్ వాళ్ళకి దూరపు బంధువులు, నైట్ దంపతులు. బోలెడు ఆస్తి, పిల్లల్లేరు. ఈ అబ్బాయి వాళ్ళకి నచ్చాడు. దత్తత తీసుకున్నారు. ఆ సందర్భానికి గుర్తుగా 1783లో ఒక నీడబొమ్మ గీయించారు. నల్ల కాగితం కత్తిరించినట్టు ఉంటుంది. తండ్రి తన కొడుకుని నైట్ దంపతులకి అప్పగిస్తున్నట్టు అందులో ఉంటుంది. అది ఇప్పటికీ ఉంది. తర్వాత గాడ్మర్షమ్, చాటన్ ఎస్టేట్లు ఈయనకే వచ్చాయి. 1812లో ఇంటిపేరు కూడా ఆస్టిన్ నుంచి నైట్‌కి మార్చుకున్నాడు. 1809లో తల్లికి, చెల్లెళ్ళకి చాటన్‌లో ఒక ఇల్లు ఉండడానికి ఇచ్చాడు. జేన్ నవలలు అచ్చుకి సిద్ధమైంది ఆ ఇంట్లోనే. ఆస్తి ఉన్నవాడికి విల్లులు, దస్తావేజులు, కౌలు లెక్కలు ఉంటాయి. ఆస్తి చుట్టూ కాగితం పెరుగుతూనే ఉంటుంది. మనకి తెలియందా!

హెన్రీ గురించి అయితే ఒక వెబ్ సిరీస్ తీయొచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, చర్చి ఉద్యోగానికి వెళ్ళాల్సినవాడు 1793లో మిలిషియాలో చేరాడు. 1797 డిసెంబర్ 31న మేనత్త కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. మేనరికం మనవాళ్ళకి కొత్తేం కాదు. కానీ ఆ అమ్మాయి ఎలైజా పుట్టింది ఎక్కడో తెలుసా? కలకత్తాలో, 1761లో. హెన్రీ మేనత్త ఫిలడెల్ఫియా 1752లో పెళ్ళి సంబంధం కోసం ఓడెక్కి మద్రాసు వచ్చింది. కడలూరులో ఈస్ట్ ఇండియా కంపెనీ సర్జన్ హాన్‌కాక్‌ని పెళ్ళి చేసుకుంది. ఈ హాన్‌కాక్ మామయ్య పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

హెన్రీ తర్వాత లండన్‌లో బ్యాంకు పెట్టాడు. 1816 మార్చిలో ఆ బ్యాంకు మునిగింది. ఇంగ్లాండ్‌లో దివాలా నోటీసులు ‘లండన్ గెజెట్’ అనే ప్రభుత్వ పత్రికలో పడతాయి. 1665 నుంచి వస్తున్న పత్రిక అది. దాని పాత సంచికలు ఇప్పుడు మీ ఫోన్‌లో ఫ్రీగా వెతుక్కోవచ్చు. హెన్రీకి హామీ సంతకం పెట్టిన పాపానికి ఎడ్వర్డ్‌కి 20,000 పౌండ్లు, మేనమామకి 10,000 పౌండ్లు పోయాయి. హెన్రీ ఏం చేశాడు? అదే సంవత్సరం చివరికి చర్చి ఫాదర్ అయిపోయాడు! అయితే ఈయనకి మనం ఒక విషయంలో థ్యాంక్స్ చెప్పాలి. జేన్ బతికుండగా ఆవిడ పుస్తకాల మీద ఆవిడ పేరు వేయలేదు. 1817 జూలైలో ఆవిడ చనిపోయాక, ఆ ఏడాది చివర్లో ఆఖరి రెండు నవలలు అచ్చు వేయిస్తూ, ఇవన్నీ రాసింది నా చెల్లెలు జేన్ ఆస్టిన్ అని అందులో ప్రకటించింది హెన్రీయే.

ఇక నేవీ అన్నదమ్ములు ఇద్దరు. నాలాంటి లాగ్స్ పిచ్చోడికి వీళ్ళు పండగ. బ్రిటిష్ నేవీలో ప్రతి ఓడకీ లాగ్ బుక్ ఉంటుంది. ఈ రోజు గాలి ఎటు వీచింది, ఓడ ఎక్కడుంది, ఏం జరిగింది, అన్నీ రాయాలి. ఓడలో ఉన్నవాళ్ళ పేర్లతో మస్టర్ పుస్తకం వేరే. అవి లండన్‌లో క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఫ్రాన్సిస్ పన్నెండేళ్ళకే పోర్ట్స్‌మత్ నేవల్ అకాడమీలో చేరాడు. 1788లో ఓడెక్కి మన వైపు సముద్రాలకి బయల్దేరాడు. అప్పుడు వయసు పద్నాలుగు. వాళ్ళ నాన్న జాగ్రత్తలు చెప్తూ ఒక పెద్ద ఉత్తరం రాసిచ్చాడు. ఆ ఉత్తరాన్ని ఫ్రాన్సిస్ ముసలితనం దాకా దాచుకున్నాడు. 1805లో ఈయన కనోపస్ అనే యుద్ధనౌకకి కెప్టెన్, నెల్సన్ కింద. అక్టోబర్ మొదట్లో మంచినీళ్ళు, సరుకులు తీసుకురమ్మని జిబ్రాల్టర్ పంపారు. ఈయన అటు వెళ్ళాక, అక్టోబర్ 21న ట్రఫాల్గర్ యుద్ధం జరిగిపోయింది. చరిత్రలో అంత పెద్ద యుద్ధం, ఈయన మిస్ అయ్యాడు. ఆ బాధ తను పెళ్ళి చేసుకోబోయే అమ్మాయికి రాసుకున్నాడు. తర్వాత మాత్రం నేవీలో ఎక్కగలిగిన ఆఖరి మెట్టు, అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్, 1863లో ఎక్కాడు. 1865లో 91 ఏళ్ళ వయసులో పోయాడు. చెల్లెలు రాసిన ఉత్తరాలన్నీ అన్నేళ్ళూ దాచుకున్నాడు. ఆయన పోయాక కూతురు వాటిని నాశనం చేసేసింది. ఇది కూడా గుర్తుపెట్టుకోండి. రికార్డులు వాటంతటవే పోవు, కొన్నిటిని ఇంట్లోవాళ్ళే పోగొడతారు.

ఆఖరి తమ్ముడు చార్లెస్. 1801లో నేవీలో వచ్చిన బహుమతి డబ్బుతో ఇద్దరు అక్కలకీ గొలుసులు, పుష్యరాగం శిలువలు కొన్నాడు. అవి ఇప్పుడు చాటన్ మ్యూజియంలో చూడొచ్చు. 1816 ఆ ఇంటికి కలిసిరాలేదు. మార్చిలో హెన్రీ బ్యాంకు పోయిందా, అంతకి ముందు ఫిబ్రవరిలోనే చార్లెస్ ఓడ ఫీనిక్స్ టర్కీ తీరంలో తుఫానుకి పగిలిపోయింది. కోర్ట్ మార్షల్ జరిగింది, ఆయన తప్పు లేదని తేలింది.

ముసలితనంలో చార్లెస్‌ని ఈస్ట్ ఇండీస్ నౌకాదళానికి కమాండర్-ఇన్-చీఫ్‌గా పంపారు. 1852లో రెండో బర్మా యుద్ధం. 73 ఏళ్ళ మనిషి ఐరావతి నది మీద ఓడలో ఉండగా కలరా వచ్చింది. అక్టోబర్ 7న చనిపోయాడు. శ్రీలంకలో ట్రింకోమలీలో సమాధి చేశారు.

ఇక్కడ మనకి ఒక లింక్ ఉంది. ఆ యుద్ధంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్ళిన సిపాయి పటాలాలు కూడా ఉన్నాయి. ఆ యుద్ధంతోనే రంగూన్ ఇంగ్లీషువాళ్ళ చేతికి పూర్తిగా వచ్చింది. ఆ తర్వాత మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలమంది కూలీ పనికి ఓడలెక్కారు. మన పెద్దవాళ్ళు దాన్ని ‘రంగం’ అనేవాళ్ళు. ‘వాళ్ళ తాత రంగం వెళ్ళాడు, మళ్ళీ రాలేదు’ అనే మాట ఇప్పటికీ చాలా ఇళ్ళల్లో ఉంది. అడ్మిరల్ గారు ఏ తేదీన, ఏ నది మీద, ఏ జబ్బుతో పోయారో మనకి తెలుసు. రంగం వెళ్ళిన ఆ తాతల్లో చాలామందికి ఇంట్లోవాళ్ళ నోట్లో ఈ ఒక్క వాక్యమే మిగిలింది.

ఇప్పుడు గమనించారా? ఐదుగురూ ఎందుకు దొరికారు? ఒకడికి పదవి, ఒకడికి ఆస్తి, ఒకడికి అప్పు, ఇద్దరికి ఉద్యోగం. రికార్డు అనేది మనిషిని గుర్తుపెట్టుకోవడానికి పుట్టలేదు. జీతం ఇవ్వడానికి, పన్ను వసూలు చేయడానికి, ఆస్తి రాయడానికి, అప్పు రాబట్టడానికి పుట్టింది. మనిషి అందులో అనుకోకుండా మిగిలిపోతాడు. మరి ఇవేవీ లేని మనిషి పరిస్థితి ఏంటి? రెండో పాఠం ఇదే.

ఇప్పుడు జార్జ్ దగ్గరికి వద్దాం.

ఆస్టిన్ వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉండేది. పిల్లల్ని పుట్టిన కొన్ని నెలలకి ఊళ్ళో ఒక కుటుంబం దగ్గర పెంపకానికి ఇచ్చేవాళ్ళు. కాస్త నడక, మాట వచ్చాక ఇంటికి తెచ్చుకునేవాళ్ళు. అందరూ తిరిగొచ్చారు. జార్జ్ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

1770లో రాసిన రెండు ఉత్తరాలున్నాయి. జూలైలో తండ్రి తన వదినకి రాశాడు. జార్జ్ బాగుపడతాడని ఆశ పెట్టుకోలేకపోతున్నాం, ఒకటే ఓదార్పు, వాడు చెడ్డవాడు కావడం అనేది మాత్రం ఎప్పటికీ జరగదు అనే అర్థం వచ్చేలా ఉంటుంది. డిసెంబర్‌లో తల్లి రాసింది. జార్జ్ ఈ రోజు నన్ను చూడ్డానికి వచ్చాడు, బాగానే ఉన్నాడు, కానీ ఈ మధ్య మళ్ళీ ఫిట్స్ వచ్చింది, దాదాపు ఏడాది తర్వాత అని. అప్పటికి పిల్లాడికి నాలుగేళ్ళు. తల్లి దగ్గరికి చూడ్డానికి వచ్చాడు. ఆ మాట మీద నేను కాసేపు ఆగిపోయాను.

మూడో రికార్డు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? కలకత్తా నుంచి! ఇందాక చెప్పిన హాన్‌కాక్ మామయ్య జార్జ్‌కి గాడ్‌ఫాదర్. చర్చిలో బాప్తిస్మం అప్పుడు ఆ బాధ్యత తీసుకున్నవాడు. ఆయన 1770ల్లో కలకత్తా నుంచి ఇంగ్లాండ్‌లో ఉన్న భార్యకి ఉత్తరాలు రాసేవాడు. ఒక దాంట్లో, ఆస్టిన్ వాళ్ళకి పిల్లలు ఇలా వరసగా పుట్టడం నాకంత సంతోషంగా లేదు, ముఖ్యంగా నా గాడ్‌సన్ సంగతి తలుచుకుంటే, వాడి బతుకు వాడు చూసుకోగలడన్న ఆశ లేదు, ఎవరో ఒకరు చూడాల్సిందే అని బాధపడతాడు. ఆ ఉత్తరాల కాపీలు వారెన్ హేస్టింగ్స్ కాగితాలతో కలిసి బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. ఒక ఇంగ్లీష్ పల్లెటూళ్ళో పిల్లాడి గురించిన సాక్ష్యం హుగ్లీ నది ఒడ్డున రాసిన ఉత్తరంలో మిగిలింది.

తర్వాత జార్జ్‌ని మంక్ షెర్బోర్న్ అనే ఊళ్ళో కల్లం అనే కుటుంబం దగ్గర పెట్టారు. అదే కౌంటీలో, బేసింగ్‌స్టోక్ దగ్గర. ఆ ఇంట్లో జార్జ్ ఒక్కడే లేడు. వాళ్ళ మేనమామ థామస్ లీ కూడా అక్కడే ఉండేవాడు. ఆయనకీ ఇలాంటి సమస్యే. అంటే ఆ తల్లి ముందు తమ్ముణ్ణి, తర్వాత కొడుకుని ఇలా చూసింది.

అసలు జార్జ్‌కి ఏమైంది? ఫిట్స్ ఉన్నాయని తల్లి ఉత్తరం చెప్తోంది. చెవుడు కూడా ఉండొచ్చని కొందరు రచయితలు అంటారు. దానికి ఆధారం 1808లో జేన్ రాసిన ఒక ఉత్తరం. ఒక చెవిటి పెద్దమనిషితో తను వేళ్ళ సైగలతో మాట్లాడానని అందులో ఉంది. ఆ భాష ఎక్కడ నేర్చుకుంది, అన్న కోసమేనా అని వాళ్ళ ఊహ. వినడానికి బాగుంది. కానీ అది ఊహే. ఉత్తరంలో జార్జ్ పేరు లేదు. జేన్ ఉత్తరాలు సుమారు 160 మిగిలాయి. వాటిలో ఎక్కడా ఈ అన్న ప్రస్తావన లేదు. అయితే ఇందాక చెప్పాను కదా, ఫ్రాన్సిస్ దాచిన ఉత్తరాలు పోయాయి. అక్క కసాండ్రా కూడా తన చివరి రోజుల్లో చాలా ఉత్తరాలు కాల్చేసింది. కాబట్టి జేన్ అన్నని మర్చిపోయింది అని మనం తీర్పు చెప్పలేం. మిగిలిన కాగితాల్లో లేదు, అంతే.

నాలుగో రికార్డు 1827. ఆ సంవత్సరం తల్లి చనిపోయింది. ఆవిడ పెట్టుబడి డబ్బు పిల్లలకి పంచారు. అప్పుడు ఎడ్వర్డ్, ఆ బంగ్లా అన్నయ్య, నా వాటా జార్జ్ కోసం వాడండి అని రాసిచ్చాడు. నోటు మీద ఉన్న ఇంటి యజమానికీ, రికార్డుల్లో లేని అన్నకీ మధ్య మిగిలిన బంధం ఈ ఒక్క కాగితమే.

ఐదో రికార్డు ఆఖరిది. డెత్ సర్టిఫికెట్. 1838 జనవరి 17న జార్జ్ చనిపోయాడు. ఒంటికి నీరు పట్టే జబ్బు. వయసు 71. చెల్లెలు జేన్ కంటే ముప్ఫై ఏళ్ళు ఎక్కువ బతికాడు. సమాచారం ఇచ్చింది ఆస్టిన్ వాళ్ళు కాదు, కల్లం ఇంటి మనిషి. ఆయన పేరు కూడా జార్జే, జార్జ్ కల్లం. వృత్తి అని ఉన్న చోట ‘జెంటిల్‌మన్’ అని రాసి ఉంది. జీవితమంతా ఇంకొకరి ఇంట్లో పెరిగిన మనిషిని, ఆ ఇంటివాళ్ళే పెద్దమనిషి అని రాయించారు. ఊరి చర్చి ఆవరణలో పూడ్చారు. పేరున్న రాయి లేదు.

ఇక్కడ టైమింగ్ చూడండి. ఇంగ్లాండ్‌లో ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం మొదలైంది 1837 జూలై 1న. జార్జ్ పోయింది ఆ తర్వాత ఆరున్నర నెలలకి. ఇంకాస్త ముందే పోయి ఉంటే చర్చి పుస్తకంలో ఖననం అని ఒక్క లైన్ మిగిలేది. జబ్బు పేరు, కల్లం పేరు, ‘జెంటిల్‌మన్’ అనే మాట, ఏదీ మనకి వచ్చేది కాదు. పోనీ ఇంకో మూడున్నరేళ్ళు బతికి ఉంటే? 1841లో ఇంగ్లాండ్ జనాభా లెక్కలు మొదటిసారి దేశమంతా ఇంటింటికీ పేర్లతో భద్రమయ్యాయి. కల్లం వాళ్ళింట్లో జార్జ్ ఆస్టిన్ అని ఒక లైన్ ఉండేది. దొరకడం, దొరక్కపోవడం అంత సన్నని గీత మీద ఉంది.

ఇప్పుడు మళ్ళీ 1869 పుస్తకానికి వద్దాం. రాసిన మేనల్లుడికి జార్జ్ సొంత బాబాయ్. జార్జ్ పోయేనాటికి ఈయనకి 39 ఏళ్ళు. తెలియక వదిలేశాడంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. ఐదుగురిని చెప్పి, మూడోవాణ్ణి రెండోవాడిగా జరిపాడు. మన భాషలో చెప్పాలంటే, రో డిలీట్ చేసి సీరియల్ నంబర్లు సరిచేశాడు. పైకి చూస్తే తేడా కనిపించదు.

మరి ఆ కుటుంబాన్ని తిట్టాలా? నేను తిట్టను. ఆ కాలంలో ఇలాంటివాళ్ళని పెట్టడానికి పిచ్చాసుపత్రులు ఉండేవి, అక్కడి బతుకు ఎలా ఉండేదో చదివితే నిద్ర పట్టదు. వీళ్ళు అలా చేయలేదు. ఒక ఇంట్లో పెట్టారు. డెబ్బై ఏళ్ళ పాటు ఆ మనిషికి తిండి, గూడు, తోడు లోటు రాకుండా చూశారు. తల్లి పోయాక తమ్ముడు తన వాటా ఇచ్చాడు. డబ్బు దగ్గర వీళ్ళు తప్పు చేయలేదు. పేరు దగ్గర చేశారు. పోషణ రాసుకున్నారు, మనిషిని రాయలేదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. రెండేళ్ళ కిందట ఫోన్‌లో ఒక యాప్ వేసుకుని మా వంశవృక్షం తయారు చేయడం మొదలుపెట్టాను. మా తాతయ్య వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. చిన్నప్పటి నుంచి అందరూ అదే చెప్పారు. మా నాన్న అదే చెప్పారు. పొలం పాస్‌బుక్కుల కోసం పాత కాగితాలు తీస్తే, అరవైల్లో రాసిన భాగపరిష్కార దస్తావేజు ఒకటి దొరికింది. అందులో నాలుగు పేర్లు. మూడు సంతకాలు, ఒక వేలిముద్ర. నాలుగో పేరు దగ్గర ‘వీరి పోషణ నిమిత్తం మాగాణి అర ఎకరం, వీరి తదనంతరం మిగతా ముగ్గురూ సమానంగా అనుభవించవలసినది’ అని ఉంది.

నానమ్మ దగ్గరికి వెళ్ళి అడిగాను. ‘నానమ్మా, తాతయ్య వాళ్ళు ఎంతమంది?’ ఆవిడ వత్తులు చేసుకుంటోంది. తలెత్తకుండా ‘ముగ్గురు’ అంది. దస్తావేజులో పేరు చదివాను. వత్తి చేస్తున్న చెయ్యి ఆగింది. ‘నలుగురు రా నాన్నా’ అంది. ఆయనకి మూర్ఛ ఉండేదట. పెళ్ళి చూపులకి ఎవరైనా వస్తే ఆయన్ని పొలం దగ్గర పాలేరు ఇంటికి పంపేవాళ్ళట. మా ఇంటికి కోడలిగా వచ్చిన ఆర్నెల్ల దాకా నానమ్మకే తెలియదు, ఇంకో మరిది ఉన్నాడని. తర్వాత తర్వాత ఆయన అక్కడే ఉండిపోయాడు. ‘నేను పండక్కి బూరెలు పంపేదాన్ని. ఆయనకి బూరెలంటే ఇష్టం’ అంది. ఆ తర్వాత ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బూరెలంటే ఇష్టం అనే మాట ఏ దస్తావేజులోనూ లేదు. నానమ్మ దగ్గర మాత్రమే ఉంది. నేను ఫోన్ తీసి వాయిస్ రికార్డర్ ఆన్ చేశాను.

కొన్నాళ్ళకి జార్జ్ ఆస్టిన్ కథ చదివినప్పుడు, 1827లో ఎడ్వర్డ్ రాసిచ్చిన కాగితం దగ్గర నాకు మా దస్తావేజే గుర్తొచ్చింది. రెండు దేశాలు, రెండు కాలాలు. పోషణ నిమిత్తం, అదే మాట. వాళ్ళూ మావాళ్ళూ ఒకటే పని చేశారు. అన్నం పెట్టారు, లెక్కలోంచి తీసేశారు.

యాప్‌లో ఇప్పుడు మా తాతయ్య వరసలో నాలుగు డబ్బాలున్నాయి. నాలుగో దాంట్లో పేరు ఉంది. పుట్టిన తేదీ, పోయిన తేదీ ఖాళీ. కింద నోట్స్‌లో బూరెలు అని రాశాను. మా నాన్న చూసి ముందు కాస్త ఇబ్బంది పడ్డారు. ‘ఇప్పుడెందుకురా ఇవన్నీ’ అన్నారు. మరుసటి రోజు ఆయనే ఫోన్ చేసి, చిన్నప్పుడు తనని ఒక బాబాయ్ భుజాల మీద ఎక్కించుకుని చెరువు దగ్గరికి తీసుకెళ్ళేవాడని, ఆయన పాలేరు బంధువు అనుకునేవాణ్ణని చెప్పారు. ఆయన గొంతు అలా నేను ఎప్పుడూ వినలేదు.

కాబట్టి ఈ ఎపిసోడ్ చూసినవాళ్ళని ఒక్కటే అడుగుతున్నా. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర ఈ వారం ఒక పది నిమిషాలు కూర్చోండి. ‘మీరు ఎంతమంది పుట్టారు?’ అని అడగండి. ఎంతమంది ఉన్నారు అని కాదు, ఎంతమంది పుట్టారు అని. ఒక అంకె చెప్తారు. కాసేపు ఆగి, ఇంకెవరైనా ఉన్నారా అని మళ్ళీ అడగండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసుకోవడం మర్చిపోకండి, వాళ్ళకి చెప్పే చేయండి. తర్వాత ఇంట్లో పాత దస్తావేజులు, పెళ్ళి శుభలేఖలు, రేషన్ కార్డులు తీసి పేర్లు లెక్కపెట్టండి. కౌంట్ కలవకపోతే, అక్కడ ఒక మనిషి ఉన్నట్టే.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.